డెబ్భై ఐదు శాతం అమ్మ

ఇదంతా నావల్లే మొదలైందని మా క్లాసు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ అంటుంటారు. కాదనను. నావల్లే మొదలైంది.

మా అమ్మాయి చార్వి చదివే బడి కరస్పాండెంట్ గారు కిందటి వేసవిలో ఎక్కడో కొండల్లో పది రోజుల మౌన శిబిరానికి వెళ్ళొచ్చారు. పది రోజులు ఆపుకున్న మాటలన్నీ జూన్ రెండో శనివారం నాడు, ఒకటో తరగతి తల్లిదండ్రుల్ని ఆడిటోరియంలో కూర్చోబెట్టి, మూడు గంటల్లో చెప్పేశారు. మనం పిల్లల పక్కన ఉంటాం కానీ పిల్లలతో ఉండం అన్నారు. నోట్లో ముద్ద పెడుతూ ఆఫీసు గురించి ఆలోచిస్తాం, జడ వేస్తూ ఫోన్లో మాట్లాడతాం, వాళ్ళేదో చెప్తుంటే 'ఊఁ' అని వేరే ఎవరికో అంటాం. ఇకమీదట మన బడిలో పిల్లలకి చదువు, పెద్దలకి సాన్నిధ్యం. రోజుకి నలభై నిమిషాలు, మనసు అటూ ఇటూ పోకుండా, బిడ్డతో పూర్తిగా ఉండాలి.

హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. ఆయన చెప్పినవాటిలో సగం ఆ రోజు పొద్దున నేను చేసొచ్చినవే కావడంతో కళ్ళు కూడా కాస్త చెమర్చాయి. అక్కడితో ఊరుకుని ఉంటే ఇంటికొచ్చి మూడు రోజులు పాటించి, నాలుగో రోజు మర్చిపోయి, అందరం సుఖంగా ఉండేవాళ్ళం. మంచి మాటల విషయంలో మన ఆచారం అదే కదా.

కానీ నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఎవరేం తయారుచేసినా, అది పనిచేస్తోందని రుజువేమిటి అని అడగడం పదకొండేళ్ళుగా నా ఉద్యోగం. చెయ్యెత్తాను.

"ఉంటున్నామో లేదో ఎలా వెరిఫై చేస్తారు సార్?"

కరస్పాండెంట్ గారు, చాలా లోతైన ప్రశ్న అన్నారు. వెనక వరసలో ఎవరో తల్లి "అయిపోయాం" అనడం నాకు స్పష్టంగా వినిపించింది.

రెండు వారాల్లో నా ప్రశ్నకి జవాబు వచ్చింది. జవాబు పేరు వైకుంఠరావు గారు. ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పరీక్షల విభాగాన్ని ఏలి రిటైరయ్యారు. ఆయన్ని పిలిచి సాన్నిధ్య నియంత్రణాధికారిగా వేశారు. ధ్యానం గురించి తనకి ఓనమాలు కూడా తెలియవని ఆయనే గర్వంగా చెప్పుకున్నారు. ఆయనకి తెలిసింది హాజరు. మనసు కుదురుగా ఉందో లేదో ఎలా తెలుస్తుందని ఒక తండ్రి అడిగితే, ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ సమాధానమిచ్చారు.

"మనసు ఎక్కడున్నదీ అన్నది ఈ కార్యాలయ పరిధిలోకి రాదు నాయనా. హాజరు పట్టీలో ఉన్నదా లేదా అన్నదే వస్తుంది."

తలా ఒక నీలం రంగు రబ్బరు బ్యాండు ఇచ్చారు. మణికట్టుకి కట్టుకోవాలి. పిల్లల మెడలో ఉండే ఐడీ కార్డులో ఒక చిప్ పెట్టారు. బ్యాండుకీ కార్డుకీ మధ్య రెండు మీటర్లకి మించకూడదు, మన పల్స్ ఎనభై దాటకూడదు. అప్పుడే ఆ నిమిషం లెక్కలోకి వస్తుంది. ఏడు నిమిషాలకోసారి బ్యాండు గిర్రుమంటుంది. పది సెకన్లలో దాని మీద రెండుసార్లు తడితే 'నేను ఇక్కడే ఉన్నాను' అని అర్థం. అంటే బిడ్డ మీద నుంచి ధ్యాస పోలేదని రుజువు చెయ్యడానికి ఏడు నిమిషాలకోసారి బిడ్డ మీద నుంచి ధ్యాస తియ్యాలి.

ఆ గిర్రుమనడం కూడా నా చలవే. వాడి చూసి అభిప్రాయం రాయమని ముందుగా నాకొక బ్యాండు పంపారు. నిద్రపోతున్న తల్లి కూడా ప్రశాంతంగా ఉన్నట్టే నమోదవుతోందని, ఇది చాలా తీవ్రమైన లోపమని రాసి పంపాను. 'చాలా తీవ్రమైన' కింద గీత కూడా గీశాను.

సర్క్యులర్ చివర్న ఒక వాక్యం ఉంది. 'వార్షిక సాన్నిధ్య హాజరు డెబ్భై ఐదు శాతమునకు తగ్గినచో సదరు విద్యార్థి డీటెయిన్ చేయబడును.' ఈ ఊళ్ళో ఇంజనీరింగ్ చదివినవాళ్ళకి దయ్యాలంటే భయం ఉండదు, డిటెన్షన్ అంటే ఉంటుంది, అంటే మళ్ళీ అదే క్లాసులో ఇంకో ఏడాది. గ్రూపులో నూట పద్నాలుగు మంది ఉన్నాం, ఆ సాయంత్రం ఒక్కరు కూడా గుడ్ ఈవినింగ్ పెట్టలేదు.

పిల్లకి ఒక్కరే బాధ్యులు, తల్లి గాని తండ్రి గాని. మా ఆయన ఫణి ఫారం నింపేసి నా పేరు రాసి తెచ్చాడు. నాకంటే నువ్వే ప్రశాంతంగా ఉంటావు కదా అన్నాడు. ఎనిమిదేళ్ళ కాపురంలో ఆ మాట అనడం అదే మొదలు. నేను ఉబ్బిపోయి సంతకం పెట్టాను.

శనివారం శనివారం బడిలో మాకు పాఠం చెప్పి, ఇంట్లో చెయ్యమనేవారు. మొదటి పాఠం, బిడ్డ కళ్ళలోకి పది నిమిషాలు మౌనంగా, ప్రేమగా చూడటం. చార్విని ఎదురుగా కూర్చోబెట్టుకుని చూశాను. ఒక నిమిషం నవ్వింది. రెండో నిమిషంలో నవ్వు ఆగిపోయింది. మూడో నిమిషంలో, సొరకాయ ముక్కలు ఫ్రిజ్ వెనక పడేస్తున్నది తనేనని ఒప్పుకుంది. నేను మాట్లాడకూడదు కాబట్టి అలాగే చూస్తూ ఉన్నాను. బాత్రూంలో షాంపూ సీసా మొత్తం బొమ్మ తలకి పోసింది కూడా తనే. నానమ్మ మందుల డబ్బా మీద స్టిక్కర్లు కూడా. ఆరో నిమిషానికి నా పల్స్ నూట పది.

"అమ్మా, తిట్టాలంటే తిట్టెయ్. అలా మాత్రం చూడకు," అంది చార్వి.

హాజరు సున్నా.

ఇడ్లీని మనస్ఫూర్తిగా కలిసి తినడం రెండో పాఠం. ఒక్కో ముక్కకి ఇరవైసార్లు నమలాలి. బస్సు ఏడూ ఇరవైకి వస్తుంది. ఏడూ పద్దెనిమిదికి మేం మొదటి ఇడ్లీలో సగంలో ఉన్నాం. పల్స్ నూట ముప్ఫై. హోంవర్కు చేయించేటప్పుడైతే బ్యాండు నాకు నీళ్ళు తాగి కూర్చోమని, తగ్గకపోతే డాక్టర్ని కలవమని సలహా ఇచ్చింది. పదిహేడులోంచి తొమ్మిది తీసెయ్యడం దగ్గర ఉన్నాం అప్పుడు.

ఎప్పుడైనా అంతా బాగా కుదిరి, అది నా ఒళ్ళో కూర్చుని బడి కబుర్లు చెప్తుంటే, నా మనసు నిజంగానే ఎటూ పోయేది కాదు. ఇంకో రెండు నిమిషాల్లో గిర్రుమంటుంది, ఇంకో నిమిషంలో గిర్రుమంటుంది అని బ్యాండు మీదే ఉండేది.

జనవరి చివరికి నా హాజరు యాభై ఎనిమిది. డెబ్భై ఐదుకి కాస్త తగ్గితే మెడికల్ సర్టిఫికెట్ పెట్టుకోవచ్చు. అరవై ఐదు కూడా లేకపోతే దేవుడి సర్టిఫికెట్ తెచ్చినా చెల్లదని వైకుంఠరావు గారు చెప్పారు. హాజరు తక్కువైన తల్లిదండ్రుల పేర్లు బడి గేటు దగ్గర బోర్డు మీద ఎర్ర సిరాతో రాసి అతికించారు. చార్వి అప్పుడప్పుడే తెలుగు కూడబలుక్కుంటోంది. ఎవరి సాయం లేకుండా అది చదివిన మొదటి పెద్ద మాట నా పేరు. హి, మ, బిం, దు. చదివినందుకు సంతోషించాలో లేదో తెలియక నేను చప్పట్లు కొట్టాను.

తర్వాత అది బస్సులో తన పక్కన కూర్చునే రిదాని అడిగి, ఎర్ర సిరా అంటే ఏమిటో తెలుసుకుని వచ్చింది.

"నేను మళ్ళీ ఒకటో క్లాసేనా? రిదా రెండో క్లాసుకి వెళ్ళిపోతుందా?"

అలా జరగనివ్వను అన్నాను. ఆ మాట అన్నాక నేను చెయ్యాల్సింది ఆఫీసుకి సెలవు పెట్టడమో, బడికెళ్ళి గొడవ పెట్టుకోవడమో. కానీ నేను ఈ గడ్డ మీద బీటెక్ చదివినదాన్ని. హాజరు తగ్గితే ఏం చెయ్యాలో నా నరాల్లోనే ఉంది. ప్రాక్సీ, మన హాజరు ఇంకొకరి చేత పలికించడం.

బడి నుంచి వచ్చిన దగ్గర్నుంచి నేను ఇల్లు చేరేదాకా చార్విని యాదమ్మ చూసుకుంటుంది. వికారాబాద్ వైపు మనిషి, యాభై దాటాయి. మర్నాడు ఆఫీసుకి వెళ్తూ బ్యాండు తీసి ఆమె చేతికి కట్టాను.

"ఇదేందమ్మా, బీపీదా?"

"కాదు. ప్రశాంతతది."

యాదమ్మ బ్యాండునీ నన్నూ మార్చి మార్చి చూసింది. "మరి నాకెందుకు? నాకున్నది గదా," అంది.

అది గిర్రుమన్నప్పుడల్లా రెండుసార్లు తట్టమని చెప్పాను. దోమ అనుకుంట తియ్, అని చిక్కుడుకాయల గిన్నె ముందేసుకుని కూర్చుంది.

సాయంత్రం గ్రాఫు చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పల్స్ అరవై నాలుగు. మధ్యాహ్నం మూడున్నర నుంచి ఏడు దాకా గీత గీసినట్టు అరవై నాలుగు. మధ్యలో ఒక్కసారి అరవై ఆరుకి వెళ్ళింది, అప్పుడు కుక్కరు విజిల్ వేసిందట. రోజుకి నలభై నిమిషాలు చాలన్నచోట రెండొందల నిమిషాలు. మిగిలినవి పాత బాకీ కింద జమవుతూ వచ్చాయి. ఫిబ్రవరి నెలాఖరుకి ఎనభై ఒకటి. బోర్డు మీద నా పేరు ఎరుపులోంచి ఆకుపచ్చలోకి మారింది. మార్చి మొదటి వారంలో కరస్పాండెంట్ గారే ఫోన్ చేశారు. ఈ ఏటి ఆదర్శ సాన్నిధ్య మాతగా నన్ను ఎంపిక చేశారనీ, సాన్నిధ్య దినోత్సవం నాడు నా ప్రయాణం గురించి నలుగురికీ చెప్పాలనీ అన్నారు.

వద్దనొచ్చు. జ్వరమని చెప్పొచ్చు. నేను ఇరవై రెండు స్లైడ్లు తయారుచేశాను. తొమ్మిదో స్లైడు దగ్గరకొచ్చేసరికి నా గ్రాఫు నాకే గొప్పగా అనిపించింది. పన్నెండో స్లైడుకల్లా నిజంగానే నేను మారానేమో అనిపించింది. మేనేజర్లకి రిపోర్టులు రాసి రాసి, రాసినదాన్ని నమ్మెయ్యడం నాకు అలవాటే.

ఆ రోజు పట్టుచీర కట్టుకుని స్టేజీ ఎక్కాను. బిడ్డతో ఉన్నప్పుడు బిడ్డే లోకం అన్నాను. శ్వాస అన్నాను. తొందర మనది, బాల్యం వాళ్ళది అన్నాను. అది ఎక్కడ చదివానో నాకు గుర్తులేదు. ముందు వరసలో ఇద్దరు తల్లులు రాసుకుంటున్నారు. రహస్యం ఏమిటని ఒకావిడ అడిగితే, మనసుని చిక్కుడుకాయ ఈనె తీసినట్టు మెల్లగా తియ్యాలని చెప్పాను. నేను చిక్కుడుకాయ ఈనె తీసి ఆరేళ్ళయింది.

నా వెనక పెద్ద తెర ఉంది. దాని మీద బడిలోని తల్లిదండ్రులందరి హాజరు ఎప్పటికప్పుడు కనిపిస్తూ ఉంటుంది. ఆ సంగతి నాకు తెలుసు. ఆ తెరని కూడా పరీక్షించి, బాగా పనిచేస్తోందని సర్టిఫై చేసింది నేనే. అయినా ఆ క్షణంలో తట్టలేదు. ఒక తండ్రి లేచి, చాలా వినయంగా, నా వెనక్కి వేలు చూపించి ఒక సందేహం అన్నాడు.

తిరిగి చూశాను. అందరికంటే పైన నా పేరు. పక్కన ఆకుపచ్చ దీపం. 'ప్రస్తుతం బిడ్డతో ఉన్నారు. స్థలం: ఇల్లు. పల్స్: 64.'

ముందుగా తేరుకున్నది కరస్పాండెంట్ గారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. శిబిరంలో తొమ్మిదో రోజు చెప్పిన స్థితి ఇదేననీ, దేహం ఒకచోట ఉన్నా తల్లి బిడ్డ దగ్గరే ఉంటుందనీ, ఇన్నాళ్ళకి కళ్ళారా చూస్తున్నాననీ మైకులో చెప్పారు. చప్పట్లు మొదలయ్యాయి. నాలోని తల్లికి సిగ్గేసింది. నాలోని విద్యార్థి మాత్రం, గండం గడిచిందేమో చూద్దాం ఆగు అంది.

గడవలేదు. వైకుంఠరావు గారు మెల్లగా మెట్లెక్కి వచ్చి, చెయ్యి చూపించమన్నారు. గాజులున్నాయి, బ్యాండు లేదు. ఆయన కోప్పడలేదు. పాత స్నేహితుణ్ణి రైల్వే ప్లాట్‌ఫారం మీద గుర్తుపట్టినట్టు నవ్వారు.

"ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసులో చాలా ప్రాక్సీలు పట్టుకున్నానమ్మా. ఇంత నిదానమైన పల్స్ ఉన్న ప్రాక్సీని మాత్రం చూడలేదు."

సోమవారం మాల్‌ప్రాక్టీస్ కమిటీ కూర్చుంది. బల్లకి అటువైపు కరస్పాండెంట్ గారు, వైకుంఠరావు గారు. ఇటువైపు నేను, యాదమ్మ, మా ఇద్దరి మధ్య చార్వి. ముందుగా యాదమ్మని విచారించారు. సదరు సమయమందు ఆమె ధ్యాస దేనిపై నిలిచి ఉండినదో తెలియజేయవలసిందిగా వైకుంఠరావు గారు కోరారు.

"ధ్యాస ఏడికి వోతది సారూ," అంది యాదమ్మ. "పోరి ముంగట ఉంటే పోరి మీదుంటది. పోరి ఆడుకోను వోతే కూరగాయల మీదుంటది."

కరస్పాండెంట్ గారు ఆ మాట రాసుకున్నారు. పది రోజుల శిబిరంలో చివరి రోజు చెప్పింది ఇంచుమించు ఇదేనట.

తర్వాత చార్వి వంతు. బడిలో జరిగినవి ఇంట్లో ఎవరికి చెప్తావు పాపా అని అడిగారు. యాదమ్మకి, అంది. అమ్మకి ఎందుకు చెప్పవు అన్నారు. అది నా వంక చూసింది. చెప్పమన్నట్టు తలూపాను. ఈలోగా మనసులో దాని తరఫున నాలుగైదు మంచి జవాబులు కూడా తయారుచేశాను.

"అమ్మకి చెప్తుంటే అది గిర్రుమంటుంది. అమ్మ దాన్ని చూసుకుని, ఎక్కడున్నాం అంటుంది. మళ్ళీ మొదట్నుంచి చెప్పాలి. యాదమ్మ అయితే చూడకుండానే కొట్టేస్తుంది."

'చాలా తీవ్రమైన' కింద గీత గీసి మరీ ఆ గిర్రుమనడం పెట్టించింది నేనే కాబట్టి, నేను బల్ల వంకే చూస్తూ కూర్చున్నాను.

వైకుంఠరావు గారు తీర్పు చదివారు. ప్రాక్సీ ద్వారా పొందిన హాజరు రద్దు. మిగిలినది యాభై నాలుగు శాతం. కావున నిబంధనల ప్రకారం కుమారి చార్వి ఒకటో తరగతిలోనే మరొక సంవత్సరం కొనసాగవలసి ఉంటుంది. చార్వికి కుమారి అంటే ఏమిటో తెలియదు, కొనసాగడమంటే ఏమిటో తెలియదు. కానీ ఎర్ర సిరా సంగతి తెలుసు. ఏడవలేదు. యాదమ్మ చీర కొంగు పట్టుకుని, ఇక బస్సులో రిదా పక్కన ఎవరు కూర్చుంటారు అని మెల్లగా అడిగింది.

అప్పుడు చెయ్యెత్తాను. జూన్‌లో ఎత్తినప్పుడు ఏమైందో గుర్తుంది. అయినా ఎత్తాను.

"సార్, హాజరు తగ్గింది ఎవరికి?"

"మీకు."

"నేను బీటెక్ సెకండియర్‌లో నెల రోజులు క్లాసులకి వెళ్ళలేదు. డీటెయిన్ చేస్తామని నాకే చెప్పారు. మా నాన్నని ఏమీ అనలేదు. ఆయన పోస్టాఫీసు ఉద్యోగం మామూలుగానే చేసుకున్నారు. ఎగ్గొట్టింది నేను. ఇది కాదు. డీటెయిన్ చేస్తే నన్ను చెయ్యండి."

వైకుంఠరావు గారు అందరికీ వినిపించేలా ఊపిరి పీల్చి, సంచీలోంచి ఒక పాత అట్ట పుస్తకం తీశారు. బడి నిబంధనలు కాదు, ఆయన కాలేజీవి. పేజీలు తిప్పారు. ముప్ఫై ఒక్క ఏళ్ళల్లో ఒకరి హాజరుకి ఇంకొకర్ని డీటెయిన్ చేసిన మచ్చ తన మీద లేదనీ, రిటైరయ్యాక తెచ్చుకోననీ చెప్పారు. కరస్పాండెంట్ గారు ఏదో అనబోయారు. ఆయన వేలెత్తి ఆపారు.

కుమారి చార్వి రెండో తరగతికి ప్రమోటెడ్. శ్రీమతి హిమబిందు ఒకటో తరగతి తల్లిగా డీటెయిన్డ్.

ఇప్పుడింకో చిక్కు వచ్చింది. రెండో తరగతి పిల్లకి రెండో తరగతి పెద్ద ఒకరు ఉండాలి కదా. ఫణి ఒకటో తరగతే చెయ్యలేదు. వైకుంఠరావు గారు దీనికి ఎక్కువసేపు ఆలోచించలేదు. తగిన అనుభవం ఉన్నవారిని నేరుగా రెండో ఏట చేర్చుకునే సౌకర్యం ఇంజనీరింగ్‌లో ఎప్పట్నుంచో ఉంది. యాదమ్మకి లేటరల్ ఎంట్రీ ఇచ్చారు.

జూన్‌లో కొత్త బ్యాచ్ వచ్చింది. ప్రతి శనివారం వాళ్ళతో కలిసి మొదటి పాఠం నుంచి కూర్చుంటున్నాను. అందరూ నన్ను సీనియర్ అక్కా అంటారు. టీ విరామంలో దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, బ్యాండుని ఎలా మేనేజ్ చెయ్యొచ్చో అడుగుతారు. నేను శ్వాస అని చెప్తాను. పై అంతస్తులో యాదమ్మ క్లాసు. మొదటి రోజు ఆమె అక్కడి నుంచి దిగొచ్చి, పిల్లల్ని మంచిగ చూడుండ్రి అని చెప్పి అందరి కండ్లు మూయించిండ్రని ఆశ్చర్యపోయింది.

నిన్న క్వార్టర్లీ ప్రోగ్రెస్ కార్డు ఇచ్చారు. డీటెయిన్ అయినవాళ్ళ కార్డు మీద వాళ్ళ పిల్లల సంతకం ఉండాలి. సాయంత్రం చార్వి ముందు పెట్టాను. డెబ్భై ఒకటి. యాభై నాలుగు నుంచి డెబ్భై ఒకటి అంటే తక్కువేం కాదని నా అభిప్రాయం. దారంతా ఆటోలో ఆ మాటే అనుకుంటూ వచ్చాను.

చార్వి కార్డు తీసుకుని, అంకె మీద వేలు పెట్టి చదివింది.

"క్లాస్ ఫస్ట్ ఎవరు?"

కొత్త బ్యాచ్‌లో అద్వైత్ వాళ్ళమ్మ అని చెప్పాను.

"ఆంటీకెంత?"

తొంభై మూడు అన్నాను. ఆవిడకి ఆఫీసు లేదని కూడా అనబోయి మింగేశాను.

చార్వి కార్డు కింద పెట్టి, ఒక కనుబొమ్మ పైకెత్తి నన్ను చూసింది.

"ఆంటీ తినేదీ అన్నమే, నువ్వు తినేదీ అన్నమే కదమ్మా."

ఈ ప్రశ్నకి మా అమ్మకి నేను ఏనాడూ జవాబు చెప్పలేకపోయాను. చేతులు కట్టుకుని నిలబడి, హాఫియర్లీకి బాగా తెచ్చుకుంటానన్నాను.

అది పెన్సిల్ చెక్కుకుని, నాలుక కాస్త బయటపెట్టి, ఒక్కో అక్షరం దిద్దినట్టు సంతకం పెట్టింది. బ్యాండు గిర్రుమంటే చూడకుండానే రెండుసార్లు తట్టి, నేను ఆ అక్షరాల వంకే చూస్తూ నిలబడ్డాను.